పట్టముతో పాటు పద్దుల విద్య

పండ్రెండవ తరగతి ముగిసిన పిల్లవానిని బి.కాం.లో చేర్పింతుమా, లేక ఏదైన పనిలో పెట్టుదుమా అను ప్రశ్న మన యిండ్లలో ఏటేట వినవచ్చునదే. చదువొక దారి, పని మఱియొక దారి యని మనవారు తలంచుట పరిపాటి. ఆ రెండిటిని కలిపిన దారియు నున్నది. కళాశాలలో చదువుచునే బ్యాంకులోనో, భీమా సంస్థలోనో, ఆడిటరు కార్యాలయములోనో శిక్షణ పొందుచు, నెలనెల కొంత భృతి గైకొనుచు, కడపట పట్టము పొందుట ఇందలి పద్ధతి. దీనినే డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అందురు. ఇంగ్లండులో 2015లో ఈ పేరుతో నొక పథకము వెలసినది. అచట అభ్యర్థి మొదటి దినము నుండియు ఉద్యోగియే. చదువు రుసుమును అతడు చెల్లింపనక్కఱలేదు. మన దేశమున నట్లు కాదు. ఆ భేదమును తల్లిదండ్రులు గ్రహించుట అవసరమని తోచి మేమీ విషయమును వివరింప బూనితిమి.

పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. వెనుకటి కాలమున కోమటి కొట్లలో పద్దులు నేర్చుకొన వచ్చిన పిల్లవాడు మొదట గుమాస్తా ప్రక్కన కూర్చుండి రొక్కము లెక్కించెడివాడు. తరువాత చిట్టా వ్రాసెడివాడు. చేయి కుదిరిన మీదట గాని వానికి ఆవర్జా ముట్టుకొన వీలు లేకుండెను. కొట్టు కట్టుటకు ముందు నిలువ సరిపోవలెను. ఒక అణా తగ్గినను దీపము పెట్టుకొని వెదకవలసినదే! నేడు చిట్టా ఆవర్జాలు కంప్యూటరులోనికి ప్రవేశించినవి. అయినను నిలువ సరిపోవలెనన్న నియమము మాత్రము మాఱలేదు.

ఆ పాత పద్ధతికి మిక్కిలి దగ్గఱగా నున్నది చార్టర్డ్ అకౌంటెంటు చదువులోని ఆర్టికల్‌షిప్. 1949 నాటి చట్టముచే ఏర్పడిన ఇన్‌స్టిట్యూటు ఈ చదువును నడుపుచున్నది. పండ్రెండవ తరగతి పిదప ఫౌండేషన్, ఆ తరువాత ఇంటర్మీడియెట్, కడపట ఫైనల్ అని మూడు మెట్లు. ఇంటర్మీడియెటులోని రెండు గ్రూపులును ఉత్తీర్ణుడైన పిమ్మట విద్యార్థి ఒక ఆడిటరు వద్ద చేరి పని నేర్వవలెను. ఈ శిక్షణ పూర్వము మూడేండ్లుండెడిది. 2023 జూలై 1 నుండి అమలైన క్రొత్త పద్ధతిలో రెండేండ్లకు తగ్గింపబడినది. పుస్తకములో ఒక పుటగా కనబడు "తనిఖీ" యనునది ఇచట గిడ్డంగిలో బస్తాలు లెక్కించుటగాను, బ్యాంకు నిలువను పుస్తకపు నిలువతో సరిచూచుటగాను, పన్ను పత్రములను గడువులోపల దాఖలు చేయుటగాను పిల్లవాని చేతికి వచ్చును.

ఈ కాలముననే బి.కాం. చదువుకొనవచ్చునా? చదువుకొనవచ్చును. అయితే ఇన్‌స్టిట్యూటు వారి అనుమతి పొందవలెను. అందులకు 112వ నంబరు ఫారము ఉన్నది. కళాశాల వేళలు కార్యాలయపు వేళలకు అడ్డు రాకూడదు. ఈ కారణమున పలువురు దూరవిద్య ద్వారా పట్టము పొందుట కలదు. ఆర్టికల్ విద్యార్థికి ఆడిటరు కనీస భృతి నీయవలెను. అది పట్టణ జనసంఖ్యను బట్టి మాఱును: ఇరువది లక్షలు, ఆపై గల నగరములది ఒక తరగతి, నాలుగు లక్షల నుండి ఇరువది లక్షల వఱకు మఱియొకటి, నాలుగు లక్షల లోపుది మూడవది. 2011 జనాభా లెక్కలలో మన బరంపురము మూడున్నర లక్షల పైచిలుకు మాత్రమే గనుక, ఆ లెక్కను బట్టి ఇచటి కనీస భృతి కడపటి తరగతికి చెందును. కాని పిల్లవాడు ఇంట భోజనము చేసి పనికి పోవును. భువనేశ్వరములోనో విశాఖపట్టణములోనో అధిక భృతి వచ్చినను గది అద్దెకు, భోజనమునకు అంతకు మించి వ్యయమగుట సహజము. మా యభిప్రాయమున, మంచి ఆడిటరు దొరకినచో మన యూరిలోనే చేరుట మేలు.

ఒక చిక్కును దాచరాదు. ఈ పరీక్షలను ఇంగ్లీషులో గాని హిందీలో గాని మాత్రమే వ్రాయవచ్చును. తెలుగున వ్రాయు వీలు లేదు. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు ఫౌండేషనుకు ముందు ఒక సంవత్సరమైనను ఇంగ్లీషున లెక్కల పుస్తకములు చదువుట అలవఱచుకొనవలెను. తెలివిలో మనవారు తీసిపోరు. వారిని వెనుకకు లాగునది పరిభాష యొక్కటే.

రెండవ దారి, పట్టములోనే శిక్షణ నిమిడించిన చదువు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2025లో దీనికి మార్గదర్శకములు ప్రకటించినది. మూడేండ్ల పట్టములో కనీసము ఒక సెమిస్టరు, గరిష్ఠముగ మూడు సెమిస్టరులు సంస్థలో పని నేర్చుటకు కేటాయింపవచ్చును. ఆ పనికి గూడ క్రెడిట్లు లెక్కకు వచ్చును. బి.కాం.లో బ్యాంకింగు, భీమా విషయములతో ఇట్టి చదువులు దేశమున పలుచోట్ల వెలయుచున్నవి. కళాశాల ప్రకటనలో అప్రెంటిస్ అను మాట కనబడినంతనే రుసుము చెల్లింపక, ఏ సంస్థతో ఒప్పందము కలదు, శిక్షణ ఏ యూరిలో నుండును, భృతి ఎవరిత్తురు అని ప్రిన్సిపాలుగారిని నేరుగ అడుగవలెను. సూటియైన ప్రత్యుత్తరము రానిచో అది సాధారణ బి.కాం. యేయని యెంచుకొనుడు.

మూడవది పట్టము పిదప వచ్చునది. 1961 అప్రెంటిసుల చట్టము క్రింద బ్యాంకులు పట్టభద్రులను ఒక యేడు శిక్షణకు తీసికొనుచున్నవి. స్టేట్ బ్యాంకు 2023లో ఆరు వేలకు పైగా స్థానములకు ప్రకటన చేసినది. నెలకు 15,000 రూపాయల భృతి. వయస్సు 20 నుండి 28 లోపు. నూఱు ప్రశ్నలకు ఒక గంట పరీక్ష. ఆ ప్రకటనలో పరీక్షా భాషలుగా చెప్పినవానిలో తెలుగును, ఒడియాయు రెండును గలవు. అయితే ఇంగ్లీషు భాగమునకు ఈ సౌకర్యము లేదు.

మన సంఘమువారు ముఖ్యముగ గమనింపవలసినది ఇచటనే యున్నది. అభ్యర్థి ఒక్క రాష్ట్రమునకు మాత్రమే దరఖాస్తు చేయవలెను. ఆ రాష్ట్రపు భాషలో పరీక్ష నెగ్గవలెను. ఒడిశాకైనచో ఒడియా, ఆంధ్రప్రదేశమునకైనచో తెలుగు లేదా ఉర్దూ. పదవ తరగతి లేదా పండ్రెండవ తరగతి మార్కుల పట్టికలో ఆ భాష చదివినట్లున్నచో ఈ పరీక్ష మినహాయింపబడును. 1936 వఱకు గంజాము మదరాసు రాజధానిలో నుండెను గనుక ఇచటి తెలుగువాడు సర్కారు కొలువుకు దక్షిణమునకు చూచుట వాడుక. ఇచ్ఛాపురము చేరినంతనే తెలుగు రాష్ట్రమే! కాని ఇంటికి దగ్గఱనున్న స్థానము కావలెనన్నచో ఒడియా వ్రాయుట, చదువుట రెండును రావలెను. బజారులో మాటలాడు ఒడియా పరీక్షలో చాలదు. ఇంట తెలుగు, బడిలో తెలుగు, మార్కుల పట్టికలో ఒడియా గూడ నున్న పిల్లవానికి రెండు వైపుల తలుపులును తెఱచియుండును. ఏ తలుపు తట్టవలెనో వాడే నిర్ణయించుకొనును.

ఇక హెచ్చరిక యొకటి. అప్రెంటిస్ చట్టము దృష్టిలో శిక్షణార్థియే గాని ఉద్యోగి కాడు. ఏడు ముగిసిన పిదప ఉద్యోగమీయవలెనను నిర్బంధము బ్యాంకుకు లేదు. చేతికి వచ్చునది శిక్షణ పూర్తియైనట్లు పత్రము, కొంత యనుభవము. "బ్యాంకులో ఉద్యోగము వచ్చినది" అని బంధువులకు చాటి, ఆ మాట మీద ఆడపిల్లకు సంబంధము కుదుర్చుకొనిన పిమ్మట యేడాదికి అది ముగిసినచో చిక్కగును. స్థానమిప్పింతునని సొమ్మడుగు మధ్యవర్తిని గడప త్రొక్కనీయరాదు. ప్రకటనలో చెప్పిన దరఖాస్తు రుసుము తప్ప ఎవరికిని ఏమియు చెల్లింపనక్కఱ లేదు. ఒప్పంద పత్రము మీద పిల్లవాడు సంతకము చేయుటకు ముందు తండ్రియో తల్లియో దానిని చదివించుకొని, శిక్షణ కాలమెంత, భృతి యెంత, నడుమ మానినచో నేమగును అను మూడు పంక్తులను వెదకి చూచుకొనవలెను.

తొమ్మిదవ తరగతిలో భాషల ఎంపిక జరుగునప్పుడు ఈ సంగతిని ఉపాధ్యాయులతో ముచ్చటింపుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. పదవ తరగతి పట్టిక ముద్రితమైన పిమ్మట దానిలో ఒక భాషను చేర్చుట ఎవరి తరమును కాదు.