బస్సు దిగిన తర్వాత దారేది?

తెల్లవారి ఆరున్నర గంటలకు నానక్‌రామ్‌గూడ కూడలిలో నిలబడితే ఈ నగరం ఎవరి కాళ్ల మీద నడుస్తున్నదో తెలుస్తుంది. అద్దాల మేడలలో ఇంకా దీపాలు వెలుగుతూ వుంటాయి. కింద రోడ్డు పక్కన అప్పటికే జనం చేరివుంటారు. చేతిలో సద్ది టిఫిను, భుజాన తువ్వాలు, కొందరి చేతుల్లో తాపీ, గమేళా. మేడలు కట్టేవారు వీరే, కట్టిన మేడలు వూడ్చేవారు వీరే. వీరిలో చాలామంది పదిహేనేళ్ల కింద చేవెళ్ల, శంకర్‌పల్లి, పరిగి వైపు పొలాలలో నాట్లు వేసినవారు, కలుపు తీసినవారు. పొలాలు ప్లాట్లయ్యాయి. కూలీ మాత్రం కూలీగానే మిగిలాడు. పని దగ్గరికి పోయే దూరం మాత్రం పెరిగింది.

మేము అక్కడ గంటసేపు నిలబడి పోయే బండ్లను చూశాము. కంపెనీల బస్సులు వచ్చాయి. సగం సీట్లు ఖాళీ. బడి బస్సులు పసుపు రంగులో బారులు తీరాయి. ఉద్యోగులను దింపి ఖాళీగా తిరిగిపోయే క్యాబులకు లెక్కే లేదు. ఆర్టీసీ బస్సులు వచ్చాయి, నిండుగానే వచ్చాయి. ఒక 108 బండి కూత పెడుతూ పోయింది. వీటి మధ్యనుంచి ట్రాలీ ఆటోలో పదిహేనుమంది మనుషులు నిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకొని పోయారు. సరుకు బండిలో మనుషులను ఎక్కించరాదని చట్టం చెబుతుంది. కానీ ఆ మనుషులు పనికి ఎట్లా చేరాలో ఏ చట్టమూ చెప్పదు.

రోడ్డు వున్నది, బండ్లు వున్నాయి, డీజిలు కాలుతున్నది, ప్రభుత్వ సొమ్ము ఖర్చవుతున్నది. అయినా కూలికి పోయే మనిషి సరుకు బండి ఎందుకు ఎక్కుతున్నాడు? ఈ వ్యాసంలో మనం ఆలోచించవలసింది ఇదే.

చేవెళ్ల రోడ్డు మీది ఒక పల్లెనుంచి వచ్చే నడివయసు తల్లిని పలకరించాము. 'అక్కా, బస్సు ఫ్రీ అయింది గదా, ఖర్చు తగ్గిందా?' అని అడిగితే ఆమె నవ్వింది.

'తగ్గింది సారూ, అబద్ధమెందుకు చెప్పాలె? బస్సుల పైసల్ అడుగుతలేరు, మంచిగనే వుంది. గని అప్పా జంక్షన్ కాడ దిగినంక ఎట్ల? ఆడికెల్లి ఆటోకు ముప్పై. మల్ల సాయంత్రం ముప్పై. ఆటో నిండేదాంక వాడు కదలడు. ఆల్శమైతె మేస్త్రి సగం కూలి కోస్తడు. మా ఇంటాయనకైతె బస్సుకు గూడ టికెటే.'

రోజుకు అరవై రూపాయలు. నెలకు ఇరవై అయిదు రోజులు పని దొరికితే పదిహేను వందలు. ఇది ఆటోవాడి అత్యాశ అనుకుంటే పొరపాటు. ఆటోవాడూ కిస్తీ కట్టుకునే శ్రమజీవే. బస్సుకూ పనికీ మధ్య ప్రభుత్వం వదిలివేసిన ఖాళీలో అతను బతుకుతున్నాడు, ఆమె నష్టపోతున్నది. ఉచితమన్నది పెద్ద రోడ్డు మీద మొదలై పెద్ద రోడ్డు మీదే ఆగిపోతున్నది.

ఈ నేల మీద ప్రజా రవాణా కొత్తది కాదు. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. లాభమొచ్చే దారిలో సంపాదించిన పైసతో నష్టమొచ్చే పల్లెకు బస్సు నడపటం దాని పద్ధతి. రాత్రి పల్లెలోనే ఆగి, తెల్లవారగానే పాలక్యాన్లనూ, కూరగాయల గంపలనూ, బడిపిల్లలనూ, రోగులనూ ఎక్కించుకుని పట్నం పోయే నైట్‌హాల్టు బస్సు మన పెద్దలందరికీ గుర్తే. సమన్వయం అని ఈనాడు పెద్దలు సభలలో పలికే మాటకు అర్థం ఆ ఒక్క బస్సులో వుండేది.

తర్వాత దారి మారింది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వేశారు. నానక్‌రామ్‌గూడ దానికి ఒక ముఖద్వారం. భూములిచ్చిన రైతు ట్రాక్టరు దాని మీదికి ఎక్కరాదు, కూలీ మోటారుసైకిలూ ఎక్కరాదు. వారికి పక్కన సర్వీసు రోడ్డు. 2023లో ఈ రోడ్డు టోలు వసూలును 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. ఎంఎంటీఎస్ రైలు 2003లో వచ్చింది. అది లింగంపల్లి వైపు పోతుంది. మెట్రో రైలు 2017 నవంబరులో మొదలై, 2019 నవంబరు నాటికి రాయదుర్గం చేరి అక్కడ ఆగింది. అక్కడినుంచి కోకాపేట దాకా 11.6 కిలోమీటర్లు పొడిగించాలన్న ప్రతిపాదన 2024లో కేంద్రానికి వెళ్లింది. పట్టాలు వచ్చేదాకా కూలి ఆగదు గదా!

ఇన్ని రవాణాలనూ ఒక తాటిమీదికి తేవాలన్న ఆలోచన ప్రభుత్వాలకు లేక కాదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం పెద్ద నగరాలకు ఉమ్మడి రవాణా సంస్థ వుండాలన్నది. 2008 హెచ్ఎండీఏ చట్టం కింద హైదరాబాదుకు అట్లాంటి సంస్థను ఏర్పరిచారు. ప్రధాన కార్యదర్శి దానికి పెద్ద. బస్సు, రైలు, రోడ్డు, పోలీసు శాఖలన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. బల్ల వున్నది, కుర్చీలున్నాయి. కానీ ఆ బల్లకు సొంత నిధి, గట్టి అధికారం లేకపోతే ఎవరి బడ్జెటు వారిది, ఎవరి టికెట్టు వారిది, ఎవరి టైమింగు వారిది. జరుగుతున్నది అదే.

సేవల రవాణా సంగతి చూడండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది. గర్భిణులను ఆసుపత్రికి తీసుకుపోయి, బిడ్డతో ఇంటికి చేర్చే 102 బండ్లు వచ్చాయి. మంచిదే. కానీ 108 ఆపదలో తీసుకుపోయే బండి. కాలు విరిగి కట్టు కట్టించుకున్న తాపీ మేస్త్రి పల్లెకు తిరిగి ఎట్లా రావాలి? వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోవలసిన ముసలాయన ఎట్లా పోవాలి? వికలాంగులకు రాయితీ పాసు వుంది. పాసు జేబులో వున్నంత మాత్రాన మూడు మెట్లు ఎక్కగలడా? ఆరోగ్య శాఖ బండి వేరు, సంక్షేమ శాఖ పాసు వేరు, ఆర్టీసీ బస్సు వేరు. మనిషి మాత్రం ఒక్కడే.

ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు. ధనిక దేశమైన అమెరికాలో ముసలివారికీ, వికలాంగులకూ, పేదలకూ రవాణా సాయమందించే కేంద్ర పథకాలు 62 వున్నాయని అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2003లో చెప్పింది. 2004లో అధ్యక్షుడు వాటిని సమన్వయం చేయడానికి ఒక మండలి వేశాడు. 2012లో మళ్లీ లెక్కిస్తే 80 తేలాయి. మండలి వేసినంత మాత్రాన బండ్లు కలవవని దీన్నిబట్టి తెలుస్తున్నది. ఒక శాఖ ఖర్చు ఇంకో శాఖకు లాభమైనప్పుడు ఆ లెక్క సరిచేసే అధికారం ఎవరికైనా వుండాలి.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. 2025 జూలై నాటికి ఆడవారు 200 కోట్ల ఉచిత ప్రయాణాలు చేశారని ప్రభుత్వం ప్రకటించింది. అంతమంది కదలడానికి ఎదురుచూస్తున్నారన్నమాట! ఈ హక్కును మేము మనసారా సమర్థిస్తున్నాము. తమిళనాడు, కర్ణాటకలలో వచ్చింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. అయితే దానిలోని సందులు చెప్పకపోతే మేలు చేసినవారం కాము. అది మెట్రోలో చెల్లదు. తెలంగాణ చిరునామా లేని శ్రీకాకుళం, ఒడిషా, ఛత్తీస్‌గఢ్ కూలితల్లికి చెల్లదు. ఆమె మోసే ఇటుక మాత్రం తెలంగాణ మేడకే పోతుంది. ఇక మగ కూలీ మాటేమిటి? 2025 అక్టోబరు 6 నుంచి నగర బస్సులలో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. భార్య జేబులో మిగిలింది భర్త జేబులోనుంచి పోతున్నది.

ఎక్కేవారు పెరిగినప్పుడు బస్సులూ, బస్సు నడిపేవారూ పెరగాలి. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. ఆ తర్వాత నగరంలో వందల బస్సులు తగ్గాయి. కిక్కిరిసిన బస్సులో తలుపు దగ్గర తిట్లు తినే కండక్టరు చెల్లెలూ, లోపల నలిగే కూలితల్లీ ఒకరికొకరు శత్రువులు కారు. ఈ మాట మనం మన పల్లెలలో గట్టిగా చెప్పాలి.

బస్సు లేనిచోట ఏమౌతుంది? 2018 జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర వ్యవసాయ కూలీలతో పోతున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవారే. పత్తి చేనుకు పోయే తల్లులకు ట్రాక్టరు ట్రాలీ తప్ప వేరే దారి లేదు. రోడ్డు బాగులేనిచోట బస్సు వున్నా గతి అంతే. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద తాండూరు నుంచి నగరానికి వస్తున్న బస్సును కంకర టిప్పరు ఢీకొని 19 మంది చనిపోయారు. చదువుకునే పిల్లలు అందులో వున్నారు. ఆ రోడ్డు వెడల్పు పని ఏళ్ల తరబడి నలుగుతూ వచ్చింది. మన అక్క రోజూ వచ్చే దారి అదే.

మరి ఏమి చేయాలి? ఆకాశంలోనుంచి చుక్కలు తెమ్మని ఎవరూ అడగడం లేదు. వికారాబాదు, తాండూరు, పరిగి నుంచి వచ్చే మొదటి బస్సులు అప్పా జంక్షన్ చేరే వేళకు, అక్కడినుంచి నార్సింగి, కోకాపేట, నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి మీదుగా లింగంపల్లి స్టేషను దాకా తిరిగే బస్సు సిద్ధంగా వుండాలి. ఒకే టికెట్టు బస్సులో, రైలులో, మెట్రోలో చెల్లాలి. నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మిక సంక్షేమానికి సెస్సుగా వసూలవుతున్నది. అందులో కొంత కూలీల బస్సుకు ఎందుకు పెట్టరాదు? ఉదయం, సాయంత్రం తప్ప ఖాళీగా నిలిచే బడి బస్సులనూ, కంపెనీ బస్సులనూ మధ్యాహ్నం ఆసుపత్రి ప్రయాణాలకు అద్దెకు తీసుకోవటం అంత కష్టమా? ఉమ్మడి సంస్థలో ఐఏఎస్ అధికారులతో పాటు కార్మిక సంఘాలవారికీ, పల్లెవారికీ చోటుండాలి. బస్సుకోసం నిలబడనివారికి బస్సు సంగతి తెలియదు.

సోదరులారా, సోదరీమణులారా! ఇది అర్జీతో మొదలుపెట్టవలసిన పని. మీ ఊరినుంచి రోజూ ఎంతమంది, ఏ వేళకు, ఎక్కడికి పోతున్నారో, ఆటోకు ఎంత పెడుతున్నారో ఒక వారంపాటు నోటుబుక్కులో రాయండి. గ్రామసభలో చదివించి తీర్మానం చేయించండి. డిపో మేనేజరుకు ఒక ప్రతి, కలెక్టరుకు ఒక ప్రతి ఇవ్వండి. పక్క ఊరివారినీ కలుపుకోండి. 'మా ఊరికి బస్సు కావాలి' అన్న మాటను పక్కన పెట్టేవారు, 'మా నలభైమంది ఆరు గంటలకు అప్పా దగ్గర దిగుతున్నాము, ఆరుంబావుకు బస్సు కావాలి' అంటే పక్కన పెట్టలేరు.

మేము మాట్లాడుతుండగానే ట్రాలీ ఆటో వచ్చింది. మా అక్క చీరకొంగు నడుముకు చుట్టి, టిఫిను ఒక చేతబట్టి పైకెక్కింది. పైనుంచి అడిగింది: 'రాస్తరు గదా సారూ? రాస్తె బస్సొస్తదా?'

రాస్తేనే రాదమ్మా. అందరం కలిసి అడిగితే వస్తుంది.