రోహిణిలో రోడ్డెక్కితే...

ఆల్ప్స్ పర్వతాల్లో స్టెల్వియో అని ఓ కనుమ ఉంది. ఇటలీలో, సముద్ర మట్టానికి 2,757 మీటర్ల ఎత్తున. ఒకవైపు నుంచి ఎక్కితే 48 మలుపులు. చలికాలమంతా మంచు కింద ఉండే ఆ రోడ్డును మే నెలాఖరుకో జూన్ మొదట్లోనో తెరుస్తారు. ఇక అప్పట్నుంచి కార్లూ బైకులూ బారులు తీరతాయి. రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. యూరప్ వాళ్లు వారాల తరబడి కారులో తిరగడానికి వేసవినే ఎంచుకునేది అందుకే.

సరిగ్గా అవే రోజుల్లో మనకు రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు. అందులోనూ అనంతపురం! ఏడాదంతా కలిపి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం అక్కడ వార్తే కాదు. అలాంటి చోటికి వేసవి సెలవుల్లో, పిల్లాజెల్లాతో, మూడు వారాలు కారు యాత్రా?

వినగానే నవ్వొస్తుంది. కానీ ఒక్క సంగతి. విజయనగర రాజులు వేసవి విడిదికి వచ్చింది ఈ సీమకే. పెనుకొండలోని గగన్ మహల్ అందుకు సాక్ష్యంగా ఇప్పటికీ నిలబడే ఉంది. ఏసీలు లేని రోజుల్లో రాజులు తెలిసే వచ్చారంటే ఏదో కిటుకు ఉండాలి కదా!

ఎత్తు ముందు, పల్లం తర్వాత

ఆ కిటుకు పేరు ఎత్తు. అనంతపురం అంటే ఒకే ఎండ అనుకుంటారు చాలామంది. నిజానికి ఈ పీఠభూమి దక్షిణం నుంచి ఉత్తరానికి వాలుగా ఉంటుంది. హిందూపురం సముద్ర మట్టానికి ఆరువందల మీటర్ల పైనే. అనంతపురం పట్టణం మూడొందల చిల్లర. పెన్న ఒడ్డున ఉన్న తాడిపత్రి ఇంకా పల్లం. హిందూపురంలో పొద్దుపోయాక గాలి చల్లబడుతుంది. తాడిపత్రిలో నల్లబండలు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటాయి.

కాబట్టి యాత్ర మ్యాపుతో మొదలవ్వాలి, కానీ పంచాంగం పక్కన పెట్టుకుని. మే 22 ప్రాంతంలో దక్షిణాన దిగి, రోహిణి కార్తె అంతా ఆ ఎత్తుల్లోనే గడిపి, మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడ్డాక ఉత్తరానికి వెళ్లడం తెలివైన పద్ధతి. జూన్ రెండో వారంలో బళ్లు తెరుస్తారు. అప్పటికి ఇంటికి చేరొచ్చు.

నిజం చెప్పాలంటే హిందూపురం నుంచి గుత్తి దాకా 44వ నెంబరు జాతీయ రహదారి మీద మూడు గంటల ప్రయాణం. చాలామంది అలాగే వెళ్లిపోతారు కూడా, హైదరాబాద్ నుంచి బెంగళూరుకు అద్దాలు దించకుండా. మరి మూడు వారాలెందుకు? పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా ఈ నేల మీ చేతుల్లో ఉండదు గనుక. మిగిలేవి రెండు పూటలు. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరి పదింటికల్లా నీడకు చేరడం, మళ్లీ అయిదింటికి బయటికి రావడం. అంటే రోజుకు ఒక్క చోటు. మహా అయితే రెండు. పట్టుబట్టి నాలుగు చూద్దామనుకునే నాన్నల వల్లే పిల్లలకు వడదెబ్బ తగిలేది.

మకాం మార్చడం కూడా తగ్గించుకోవాలి. హిందూపురం, కదిరి, అనంతపురం, తాడిపత్రి... నాలుగు చోట్ల బస పెట్టుకుని చుట్టూ తిరిగితే చాలు. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా రెండైంది. హిందూపురం, పెనుకొండ, కదిరి, ధర్మవరం పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. గుత్తి, తాడిపత్రి, రాయదుర్గం అనంతపురంలోనే ఉన్నాయి. వివరాలు అడగడానికి ఏ ఆఫీసుకు ఫోన్ చేయాలన్న దగ్గర తప్ప యాత్రికుడికి దీంతో పనిలేదు.

కాళ్లు కాలని వేళ

లేపాక్షి వీరభద్రాలయాన్ని మధ్యాహ్నం చూసినవాళ్లకు గుర్తుండేది వేలాడే స్తంభం కాదు, కాలిన అరికాళ్లు. చెప్పులు బయట విడిచి రాతిబండల మీద నడవాలి మరి! ఆరింటికే గుడికి చేరితే ఆ బండలే చల్లగా ఉంటాయి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు తాబేలు ఆకారంలోని కూర్మశైలం మీద కట్టించిన గుడి ఇది. మండపంలో వెల్లకిలా పడుకుని కప్పు చూడాలి. సహజ రంగులతో వేసిన బొమ్మల్లో అప్పటి చీరల అంచులూ, జడలూ, తలపాగాలూ అన్నీ ఉన్నాయి. చీరల డిజైన్ల కోసం ఇప్పటికీ వీటిని చూసేవాళ్లున్నారు. సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం, ఏడు పడగల నాగలింగం, ఊరి మొదట్లో 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది... ఒక్క పొద్దుటికి ఇంతకన్నా ఏం కావాలి. యునెస్కో తాత్కాలిక జాబితాలోకి లేపాక్షి 2022లో చేరింది.

దగ్గర్లోనే చిలమత్తూరు మండలం వీరాపురం. ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఎర్రకాళ్ల కొంగలకు ఈ ఊరి చెట్లే పురిటిల్లు. ఇళ్ల మధ్యే గూళ్లు. వాటిని ఎవరూ తరమరు, వస్తే ఊరికి మంచిదని నమ్ముతారు. అయితే పిల్లల్ని మేపడానికి చేపలు కావాలి, చేపలకు చెరువులో నీళ్లు కావాలి. చెరువులెండితే తల్లి కొంగ మరింత దూరం ఎగిరి వెళ్లాలి. కరవంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

ఇంకో పూట మడకశిర దాటి హేమావతికి వెళ్లొచ్చు. ఒకప్పుడు హెంజేరు పేరుతో నొళంబుల రాజధాని. నల్లరాతి చెక్కడాలు నున్నగా మెరుస్తుంటాయి. దారి పొడవునా కన్నడం, తెలుగు కలిసిపోయి వినిపిస్తాయి.

పెనుకొండకు మాత్రం సాయంత్రం వెళ్లాలి. 1565లో విజయనగరం పతనమయ్యాక రాజధాని ఇక్కడికే మారింది. కొండ, కోట, బాబయ్య దర్గా, పార్శ్వనాథుడి జైన ఆలయం, కింద గగన్ మహల్. అన్నీ చూసి వెనక్కి తిరిగితే హైవే పక్కన కియా కార్ల ఫ్యాక్టరీ దీపాలు.

అయిదెకరాల నీడ

రోహిణి ఎండల్లో మధ్యాహ్నం కూడా బయట గడపగలిగే చోటు ఈ సీమలో ఒకటుంది. కదిరి నుంచి గంట ప్రయాణం... తిమ్మమ్మ మర్రిమాను. దాదాపు అయిదెకరాల్లో పరుచుకున్న ఒకే ఒక్క చెట్టు. వయసు అయిదున్నర శతాబ్దాలకు పైనే అంటారు. ఊడలు వెయ్యి పైచిలుకు. ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రిగా 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. భర్త చితిలో సహగమనం చేసిన తిమ్మమ్మ చోటే ఈ మాను మొలిచిందని కథ. చాప, అన్నం డబ్బాలు పట్టుకెళ్లి పొద్దంతా అక్కడే ఉండిపోవచ్చు. కోతులతో కాస్త జాగ్రత్త!

ఆ దారిలోనే గాండ్లపెంట మండలం కటారుపల్లిలో వేమన సమాధి. ఇంకాస్త ముందుకు నంబులపూలకుంట దగ్గర కనుచూపు మేరా సౌర పలకలు. పంటను మాడ్చిన ఎండే అక్కడ కరెంటు.

మధ్యాహ్నాలు గదిలో టీవీకి అతుక్కుపోకుండా ఉండాలంటే ధర్మవరం వైపు నిమ్మలకుంటకు వెళ్లండి. తోలుబొమ్మల ఊరు. ఇంటి వసారాలో కూర్చుని మేకతోలు మీద ఉలితో చిల్లులు పొడుస్తూ, రంగులద్దుతూ కనిపిస్తారు. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలాట ఆడించే రాత్రులు తగ్గి, దీపపు తొడుగుల అమ్మకం మీద బతుకు నడుస్తోంది. ఒక్కటైనా కొనకుండా రావడం న్యాయం కాదు.

యూరప్ మాట వచ్చింది కాబట్టి... అటు నుంచి ఇటు వచ్చేవాళ్లూ ఉన్నారు. పుట్టపర్తి ప్రశాంతి నిలయంలో విదేశీయులు కనపడని రోజుండదు. స్పెయిన్‌లో అయితే ఈ జిల్లా పేరు చాలామందికి తెలుసు. 1969లో ఇక్కడికొచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయిన విన్సెంట్ ఫెర్రర్ ఆ దేశస్థుడే.

చెరువు పేరున్న ఊరు

వేసవిలో నీళ్లు లేని అనంతపురానికి ఆ పేరెలా వచ్చిందో తెలుసా? అనంతసాగరమనే చెరువు వల్లేనంటారు. పక్కనే బుక్కరాయసముద్రం. ఎకరాల కొద్దీ పరుచుకున్న చెరువుకు సముద్రమని పేరు పెట్టుకున్నారు అప్పటివాళ్లు. 1364లో, మొదటి బుక్కరాయల కాలంలో, మంత్రి చిక్కవొడెయ తవ్వించాడు. పొద్దువాలాక ఆ కట్ట మీద నడిస్తే తగిలే గాలికి ఏ హోటల్ గదీ సాటిరాదు.

జూన్ మొదటి వారం దాటి ఓ జల్లు పడిందంటే ఇక ఉత్తరం దారి. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. బుగ్గ అంటే ఊట. ఏటిలో ఇసుక మేటలే మిగిలిన రోజుల్లోనూ లింగం దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. పెమ్మసాని నాయకులు కట్టించిన ఈ గుడి గోపురాలు పూర్తికాలేదు. పూర్తికాని ఆ రాళ్ల మీదే ఉలి పనితనమంతా ఉంది. ఊళ్లోనే ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడికి రాతిరథం అదనపు అందం.

అక్కణ్నుంచి ముప్ఫై కిలోమీటర్లు వెళ్తే నంద్యాల జిల్లా బేలం గుహలు. 3,229 మీటర్ల పొడవు. లోపల చల్లగా ఉంటుందని ఆశపడొద్దు, ఉక్కపోత. చెమటకు తడిసి బయటికొచ్చాక రోహిణి ఎండే హాయి అనిపించినా ఆశ్చర్యం లేదు. అయినా చూడాల్సిందే.

గుత్తి కోటను చీకటితోనే ఎక్కడం మొదలుపెట్టాలి. కొండమీది కోటలో వాననీటిని పట్టి ఉంచిన బావులు, తొట్లు చూస్తే సైన్యాలు నెలల తరబడి లోపల ఎలా ఉన్నాయో అర్థమవుతుంది. మరాఠా సర్దారు మురారిరావు ఏలిన కోట. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను మొదట ఖననం చేసింది ఈ కొండ కిందే.

డిక్కీలో ఏముండాలి?

మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన నీళ్లు. ఓఆర్ఎస్ పొట్లాలు. గొడుగులు, తెల్లటి నూలు బట్టలు. బయల్దేరేముందు రేడియేటర్‌లో కూలెంట్, బ్యాటరీ, బెల్టులు చూపించాలి. టైర్ల గాలిని పొద్దున్నే, బండి కదలకముందే కొలిపించాలి. వేడెక్కిన టైరు తప్పుడు లెక్క చూపిస్తుంది. ఆరేళ్లు దాటిన టైర్లతో ఈ రోడ్డెక్కకపోవడమే మేలు. అయిదు నిమిషాల్లో వచ్చేస్తామంటూ పిల్లల్ని మూసిన కారులో ఉంచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

తిండికి కొదవలేదు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం రాగి సంకటి, చెనిక్కాయల ఊరిబిండి, చల్లటి మజ్జిగ. దారి పక్కన కళింగర కాయలు (మన పుచ్చకాయలే), తాటి ముంజలు. సంకటి తిన్న పూట ఎవరికీ ప్రయాణం చేయాలనిపించదు. ఆ పూట చేయకూడదు కూడా.

చివరి మజిలీ వజ్రకరూరు. తొలకరి పడిందంటే చాలు, తడిసిన ఎర్రనేలలో వజ్రాలు బయటపడతాయన్న ఆశతో ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి. చెట్ల కిందే వంటలు, అక్కడే పడక. తలలు వంచుకుని, అడుగులో అడుగేస్తూ, మెరిసే ప్రతి రాయినీ తీసి చూస్తుంటారు. సెలవుకొచ్చిన పిల్లలకు ఇది ఆట. పక్కన వెతుకుతున్న కూలీకి కాదు. కాబట్టి అడ్డం పడకుండా, చేను ఎవరిదో కనుక్కుని, అడిగి దిగాలి. అదీ త్వరగా. నాలుగు రోజుల్లో రైతు చెనక్కాయ విత్తనం వేస్తాడు. ఆ తర్వాత వజ్రం ఉందన్నా చేలో అడుగు పెట్టనివ్వడు.