పాత్రకు పేరు పెట్టాలన్నా నిబంధనే: ఆన్‌లైన్ ఆటల్లో తెలుగు అక్షరానికి చోటెంత?

తెలుగింట బారసాల నాడు పళ్లెంలో బియ్యం పరచి, ఉంగరంతో బిడ్డ పేరు రాస్తారు. తాతగారి పేరు, ఇలవేల్పు పేరు, జన్మనక్షత్రాన్ని బట్టి వచ్చిన పేరు అన్నీ కలిపి రాసినా ఆ పళ్లెం కాదనదు. అంతర్జాలంలో పలువురు కలిసి ఆడే పాత్రధారణ క్రీడల్లో, అంటే రోల్ ప్లేయింగ్ గేమ్‌లలో, పరిస్థితి వేరు. ఆటగాడు తన పాత్రను రూపొందించుకోగానే తెరపై ఒక చిన్న పెట్టె కనిపిస్తుంది. అందులో రాసిన పేరును ముందుగా యంత్రం పరిశీలిస్తుంది. నచ్చకపోతే 'ఈ పేరు చెల్లదు' అని తిప్పి పంపుతుంది. కారణం చాలాసార్లు చెప్పదు.

గుజరాత్‌లో తాపీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరా ఉక్కు, ఎరువులు, సహజవాయువు పరిశ్రమలకు కేంద్రం. దానికి చేరువలోని సూరత్‌లో, తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన చేనేత కుటుంబాలు దశాబ్దాలుగా స్థిరపడి ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, చేతిలోని ఫోనులో ఇంగ్లిషు. ఇలా మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు ఆటలో తమ పాత్రకు ఏ భాషలో, ఏ లిపిలో పేరు పెట్టుకోగలరన్నది చిన్న ప్రశ్నేమీ కాదు.

నిబంధన ఎందుకు?

వేలమంది ఒకేచోట కలిసి ఆడే క్రీడలో పేరే మనిషి ముఖం. అందుకే దాదాపు అన్ని సంస్థలూ కొన్ని నియమాలు పెడతాయి. బూతులు, కుల మత జాతి దూషణలు ఉండరాదు. నిర్వాహకులమని భ్రమ కలిగించే పేర్లు కుదరవు. ప్రకటనలకు పేరును వాడుకోరాదు. కొన్ని ఆటల్లో ఆ కల్పిత లోకానికి పొసగని పేరునూ అనుమతించరు. నియమం మీరితే పేరు మార్చుకోవాలని ఆదేశిస్తారు. పదేపదే మీరితే ఖాతాను నిలిపివేస్తారు.

వీటికి తోడు పొడవుకు హద్దు ఉంటుంది. 2004 నవంబరులో విడుదలైన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్'లో పాత్ర పేరు 2 నుంచి 12 అక్షరాల లోపే ఉండాలి. మధ్యలో ఖాళీ గానీ, అంకె గానీ పనికిరాదు. 'ఫైనల్ ఫాంటసీ 14'లో పేరు, ఇంటిపేరు విడివిడిగా ఇవ్వాలి. రెండూ కలిసి 20 అక్షరాలు మించరాదు.

యంత్రం లెక్క వేరు

చిక్కంతా 'అక్షరం' అన్న మాటలోనే ఉంది. మనం అక్షరమనేది ఒకటి, యంత్రం లెక్కించేది మరొకటి. ప్రపంచ భాషల లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి తొలి సంచిక నుంచే తెలుగుకు స్థానం ఉంది. అయితే అందులో హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు మరొకటి, పొల్లు ఇంకొకటి. 'హజీరా' మన లెక్కలో మూడక్షరాలు, యంత్రం లెక్కలో ఐదు సంకేతాలు. 'లక్ష్మి' మనకు రెండక్షరాలు, యంత్రానికి ఏడు. 'వెంకటేశ్వర్లు' మనకు ఐదు, యంత్రానికి 13. అంటే 12 సంకేతాల హద్దు ఉన్న చోట మన ఊళ్లలో వీధికొకటి వినిపించే ఈ పేరుకు ప్రవేశం లేదు. ఇంగ్లిషు లిపిలో రాసినా 13 అక్షరాలే కనుక అక్కడా అదే ఫలితం.

కొన్ని వ్యవస్థలు సంకేతాలను కాక బైట్లను లెక్కిస్తాయి. అంతర్జాలంలో విస్తృతంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు సంకేతానికి మూడు కావాలి. హద్దు 16 బైట్లయితే 'లక్ష్మి' కాస్తా 'లక్ష్' దగ్గరే తెగిపోతుంది.

యంత్రానికి మన లిపి ఎంత క్లిష్టమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే సంయుక్తాక్షరం ఒక ప్రత్యేక సంకేతక్రమంలో సందేశంగా వస్తే ఐఫోన్లలోని అనువర్తనాలు స్తంభించిపోయాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 సంచికను విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. దోషం అక్షరానిది కాదు, దాన్ని తెరపై చూపించే సాఫ్ట్‌వేరుది. కానీ తాము పరీక్షించని లిపిని పేర్ల పెట్టెలోకి అనుమతించడానికి రూపకర్తలు ఎందుకు జంకుతారో ఈ ఉదంతం చెబుతుంది.

పరీక్షిత్తుకూ పరీక్షే

లిపి మార్చి ఇంగ్లిషు అక్షరాల్లో రాద్దామంటే మరో అడ్డంకి ఉంది. బూతుమాటలను వడకట్టే జల్లెడ పదం అర్థాన్ని చూడదు, అక్షరాల వరుసనే చూస్తుంది. పరీక్షిత్, దీక్షిత్, రక్షిత వంటి పేర్లను ఇంగ్లిషులో రాస్తే నడుమ నాలుగక్షరాల అసభ్యపదం ఒకటి కనిపిస్తుంది. భాగవతం విన్న మహారాజు పేరైనా జల్లెడకు అది తిట్టే. 1996లో ఇంగ్లండులోని స్కంథార్ప్ పట్టణవాసులు ఏఓఎల్ సంస్థలో ఖాతాలు తెరవలేకపోయారు. వారి ఊరి పేరులో అలాంటి మాట ఒకటి ఇమిడి ఉండటమే కారణం. నేటికీ ఈ చిక్కును 'స్కంథార్ప్ సమస్య' అనే పిలుస్తారు. దీనికి మరో ముఖం కూడా ఉంది. ఇంగ్లిషు జల్లెడకు తెలుగు తెలియదు కనుక, ఇంగ్లిషు లిపిలో రాసిన తెలుగు తిట్లు అడ్డూ ఆపూ లేకుండా దాటిపోగలవు. నిరపరాధి ఆగిపోతాడు, నోటిదురుసు మనిషి లోపలికి వస్తాడు.

ఒకేలా కనిపించే పేర్లు

అన్ని లిపులనూ అనుమతించడంలోనూ ప్రమాదం లేకపోలేదు. తెలుగు సున్నా అంకె, పూర్ణానుస్వారం, ఇంగ్లిషు 'ఓ' చూపుకు దాదాపు ఒక్కటే. రష్యన్ లిపిలోని 'అ', ఇంగ్లిషు 'ఎ' చిన్నబడి రూపాలదీ అదే తీరు. ఈ పోలికను అడ్డుపెట్టుకుని మరొకరి పేరును అనుకరించి, స్నేహితుడినని నమ్మించి, ఆటలోని వస్తువులనో డబ్బునో కాజేసే వీలుంది. అందుకే ఒకే పేరులో రెండు లిపులను కలపరాదన్న నియమం కొన్నిచోట్ల ఉంటుంది. కంప్యూటర్ సాధనాలతో మరొకరిలా నటించి మోసగించడం మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

తల్లిదండ్రులు గమనించవలసినవి

పిల్లల పాత్రకు అసలు పేరు, ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం, బడి పేరు పెట్టనీయకపోవడం మేలు. అపరిచితులకు అంత సమాచారం అనవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం సేకరించడానికి తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటోంది. మంచి పేరును యంత్రం తిరస్కరిస్తే వినియోగదారుల సహాయ విభాగానికి అర్థం వివరించి రాయవచ్చు. ఆర్థిక మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

మారుతున్న కొలబద్ద

2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 సంచిక ఒక ముఖ్యమైన మార్పు తెచ్చింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకే అక్షరంగా లెక్కించే సూత్రాన్ని చేర్చింది. ఆ సూత్రం ప్రకారం 'లక్ష్మి' రెండక్షరాలే, 'వెంకటేశ్వర్లు' ఐదే. పేరు పొడవును ఈ కొలతతో కొలిస్తే తెలుగింటి పేర్లలో చాలావాటికి ఆ చిన్న పెట్టెలోనే చోటు దొరుకుతుంది. సూత్రం సిద్ధంగా ఉంది, దాన్ని అమలు చేయవలసింది ఆటల రూపకర్తలు. బూతును ఆపవలసిందే, మోసాన్ని ఆపవలసిందే. అయితే ఆ పని చేసే జల్లెడ మన భాషను తెలిసినదై ఉండాలి. అప్పుడే సూరత్‌లో తెలుగు బడికి వెళ్లే పిల్ల తన పాత్రకు తాను కోరుకున్న పేరును, బడిలో నేర్చిన లిపిలోనే రాసుకోగలుగుతుంది.