నంద్యాల ఎండలో చేతి కంప్యూటరు

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 8వ తరగతి చదువుచున్న 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు ట్యాబ్‌లను పంచినది. మరుసటి సంవత్సరము 8వ తరగతికి వచ్చిన పిల్లలకు కూడ ఇట్టివి అందినవి. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణములలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను పుస్తకముల సంచిలో ఈ పలక వంటి కంప్యూటరు చేరినది. ఇంటి పెద్దల ఫోనులు ఉండనే ఉన్నవి. రాతిపలక పగిలినచో ఆ క్షణముననే తెలియును. ఈ పలక సంగతి వేరు. వచ్చిన యేడు ఉదయము నుండి సాయంత్రము దాక పనిచేసినది, రెండు మూడు వేసవులు గడచునప్పటికి మధ్యాహ్న భోజన వేళకే ఆగిపోవును. చోటు చాలక పాఠములను తీసివేయవలసి వచ్చును. ఊరి చివర సిగ్నలు దొరకదు. క్రొత్తది కొనుటకు వేల రూపాయలు కావలెను. అంత పెట్టలేని ఇంట పిల్లవాని చదువు అక్కడ కుంటుపడును.

బ్యాటరీ, నిల్వచోటు, సిగ్నలు అను ఈ మూడు కొరతలును ఒకదానితో ఒకటి ముడిపడియున్నవి. వీటిలో అన్నింటికంటె చౌకగా తీరునది నిల్వచోటు కొరత. దానిని తెలివిగా తీర్చుకొన్నచో మిగిలిన రెండును చాలవరకు సర్దుకొనును. ఇది ఎట్లు సాధ్యమో తెలియుటకు బ్యాటరీతో ఆరంభింపవలెను.

బ్యాటరీ మీద "5,100 మిల్లీ ఆంపియర్-గంటలు" అని వ్రాసియుండును. ఇది విద్యుదావేశమునకు కొలత. శక్తికి కొలత గాదు. చెరువులో నీరెంత యున్నదో చెప్పి, ఆ నీరు ఎంత ఎత్తునుండి పడునో చెప్పకపోవుట వంటిది. ఇక్కడ ఎత్తు స్థానమున నిలుచునది వోల్టేజి. 8.7 అంగుళముల తెర గల ట్యాబ్ నొకదానిని ఉదాహరణగా తీసికొందము. అందలి లిథియం ఘటము సగటు వోల్టేజి 3.85. 5.1 ఆంపియర్-గంటలను 3.85 చేత గుణించిన 19.6 వచ్చును, అనగా సుమారు 20 వాట్-గంటలు. పాఠము నడచునప్పుడు ట్యాబ్ 3 వాట్లు వాడుననుకొన్నచో ఆరున్నర గంటలు పనిచేయును. ఆ 3 వాట్లలో పెద్ద వాటా తెరదే. వెలుగును సగమునకు తగ్గించుటకు పైసా ఖర్చు లేదు.

ఇంకొక లెక్క చూడుడు. ఛార్జరులోను, ఘటములోను కొంత శక్తి వేడియై పోవును గనుక ఒక్కసారి నింపుటకు 25 వాట్-గంటలు పట్టుననుకొందము. ఇంటి మీటరులో ఒక యూనిట్టు అనగా 1,000 వాట్-గంటలు. ఒక్క యూనిట్టుతో ట్యాబ్‌ను 40 సారులు నింపవచ్చును. కరెంటు అంత చౌక. దానిని పట్టియుంచు పాత్ర మాత్రము ఖరీదైనది. పొదుపు చేయవలసినది ఆ పాత్ర ఆయువునే.

ఆ పాత్ర నిర్మాణము చిత్రమైనది. దానికి రెండు అరలు గలవు. ఒకటి గ్రాఫైటు, అనగా పెన్సిలు ములుకులోనున్న కర్బనము. రెండవది లిథియం, కోబాల్టు, ఆక్సిజనుల సమ్మేళనము. 1980లో ఆక్స్‌ఫర్డులో జాన్ గుడెనఫ్ ఈ సమ్మేళనపు ప్రయోజనమును చూపెను. జపానులో అకీరా యోషినో దానికి కర్బన ధ్రువమును జోడించెను. 1991లో సోనీ సంస్థ ఇట్టి బ్యాటరీలను అమ్మకమునకు తెచ్చెను. వీరిద్దరికిని, స్టాన్లీ విట్టింగ్‌హామ్‌కును 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నింపునప్పుడు లిథియం అయానులు కోబాల్టు అరను వీడి గ్రాఫైటు పొరల నడుమ దూరును. వాడునప్పుడు తిరిగి పూర్వస్థానమునకు పోవును. అయానులు ఊయలవలె ఇటునటు తిరుగుటయే గాని పదార్థమేదియు తరిగిపోకూడదు. కాని తరుగుచున్నది. గ్రాఫైటునకును దానిని తడుపుచున్న విద్యుద్విశ్లేష్య ద్రవమునకును మెల్లగా చర్య జరిగి, గ్రాఫైటు మీద సన్నని పొర ఏర్పడును. కొద్దిపాటి పొర మంచిదే. అది లేనిచో బ్యాటరీయే నిలువదు. అయితే ఆ పొర సంవత్సరముల తరబడి మందమగుచు, తిరుగాడవలసిన లిథియంను తనలో బంధించివేయును. బంధింపబడిన లిథియం మరల పనికిరాదు.

రసాయన చర్యల వేగము ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపగునని విద్యార్థులు చదివియుందురు. ఆ సూత్రమునకు నంద్యాలకంటె తగిన ప్రయోగశాల దొరకదు. 2024 వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటినది. దీనికి తోడు బ్యాటరీ నిండుగానున్నప్పుడు వోల్టేజి ఎక్కువగానుండి, ఈ అవాంఛిత చర్యలు మరింత తొందరపడును. బ్యాటరీల గురించి తరచు పేర్కొను అంకెలు కొన్ని ఉన్నవి. 40 శాతము నింపి 25 డిగ్రీల వద్ద ఒక సంవత్సరము ఊరక ఉంచిన ఘటమునకు 96 శాతము శక్తి మిగులును. పూర్తిగా నింపి అదే ఉష్ణోగ్రత వద్ద ఉంచినచో 80 శాతము. 40 డిగ్రీల వద్ద, 40 శాతము నింపిన దానికి 85. అక్కడనే నిండుగా ఉంచిన దానికి 65 మాత్రమే. వాడకుండ బీరువాలో ఉంచినను ఈ నష్టము తప్పదని గమనింపవలెను. వేసవి సెలవులలో ట్యాబ్‌ను నిండుగా ఛార్జి చేసి రేకుల కప్పు క్రింద ఇనుప పెట్టెలో పెట్టి మేనమామ ఊరికి పోయిన పిల్లవాడు, తిరిగివచ్చునప్పటికి బ్యాటరీ ఆయువులో కొంత ఖర్చు చేసినట్లే.

సెలవులకు పోవునప్పుడు సగము ఛార్జితో ఆపివేసి, ఇంటిలో చల్లని మూల నుంచవలెను. ప్రతిదినపు వాడుకలో 80 శాతము దగ్గర ఆపుట మేలు. అనేక పరికరములలో ఇట్లు ఆపు సదుపాయము సెట్టింగులలోనే ఉన్నది. రాత్రియంతయు ఛార్జరునకు తగిలించియుంచుటకంటె, గాలి చల్లగానుండు తెల్లవారుజామున నింపుట మంచిది. చాలమంది పరుపుమీదనో బొంతమీదనో పెట్టి ఛార్జి చేయుదురు. ప్రత్తి ఉష్ణమును పోనీయదు; అందుకే కదా చలికి బొంత కప్పుకొనుట. నంద్యాల సీమలో దీనికి విరుగుడు కాలిక్రిందనే ఉన్నది. బేతంచెర్ల నాపరాయి ప్రత్తికంటె ఇరువది రెట్లకు పైగా ఉష్ణవాహకము. నీడపట్టున నున్న బండమీద, ట్యాబ్ తొడుగు తీసి, వీపు రాతికి తగులునట్లు ఉంచి నింపినచో వేడి బండలోనికి పోవును. రిఫ్రిజిరేటరులో పెట్టుట మాత్రము కూడదు. బయటికి తీయగనే గాలిలోని తేమ లోపల నీరుగా మారును. మిట్టమధ్యాహ్నము నిలిపిన కారులో ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటగలదు. అక్కడ వదలిన పరికరము సంగతి చెప్పనక్కరలేదు. బ్యాటరీ ఉబ్బి వీపు పైకి లేచినచో దానిని నొక్కరాదు, గ్రుచ్చరాదు, మరల ఛార్జి చేయరాదు. లోపల వాయువు చేరినదనుటకు అది గుర్తు. నిప్పంటుకొను ప్రమాదము గలదు.

ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధి. వారి ఉలిక్రింద రాలు రాతిపొడికిని, తరగతి గదిలోని సుద్దపొడికిని ఒక దుర్గుణము సమానము. రెండును ఛార్జింగు రంధ్రములో చేరి గట్టిపడును. తీగ లోపలిదాక దిగదు, ఛార్జి నత్తనడక నడచును. బ్యాటరీ పోయినదని అంగడికి పరుగెత్తుటకు ముందు ట్యాబ్‌ను ఆపివేసి, సన్నని పొడి పుల్లతో మెల్లగా శుభ్రపరచి చూడవలెను. సూది వాడరాదు.

ఇక పవర్ బ్యాంకు. "10,000 మిల్లీ ఆంపియర్-గంటలు" అని పెద్ద అక్షరములలో నుండును. 5,100 గల ట్యాబ్‌ను అది రెండుసార్లు నింపుననుకొనుట సహజము. నింపదు. ఆ పదివేలు లోపలి ఘటమునకు 3.7 వోల్టుల వద్ద చెప్పిన లెక్క. అనగా 37 వాట్-గంటలు. దానిని 5 వోల్టులకు పెంచి బయటికి పంపుటలో 15 శాతము పోయినచో సుమారు 31 మిగులును. ట్యాబ్‌లోనికి పోవునప్పుడు మరికొంత నష్టము. చివరికి దక్కునది సుమారు 27. అనగా ఒకటిన్నర సారికి కూడ చాలదు. ఇందులో మోసము లేదు. చిన్న అక్షరములలో 5 వోల్టుల వద్ద లెక్క కూడ వ్రాసియుండును, దానిని చూచి కొనవలెను. అసలు మోసము వేరుచోట నున్నది. అరచేతిలో ఇమిడి, తేలికగానుండి, "50,000" అని చాటుకొను పెట్టెలు వీధులలో అమ్ముడగుచున్నవి. అన్ని వాట్-గంటలను మోయు లిథియం ఘటములు సుమారు ముప్పాతిక కిలోగ్రాము తూగును. తక్కెడలో వేసినచో నిజము బయటపడును. మన దేశమున అమ్ము లిథియం ఘటములకు ఐ.ఎస్. 16046 ప్రమాణము ననుసరించి భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు తప్పనిసరి. ఆ సంఖ్య "ఆర్" అక్షరముతో ఆరంభమగును.

సూర్యరశ్మిని వాడుకొనుట ఈ సీమకు క్రొత్త గాదు. గని, శకునాల గ్రామముల వద్ద 2017లో పూర్తియైన సౌరవిద్యుత్ క్షేత్రము సామర్థ్యము 1,000 మెగావాట్లు. ఇంటిమీది 10 వాట్ల చిన్న పలకకూడ మంచి ఎండలో దినమునకు సుమారు 30 వాట్-గంటలనిచ్చి ట్యాబ్‌ను ఒకమారు నింపగలదు. ఎండ ఎక్కువైన కొలది సౌరపలక బాగుగా పనిచేయుననుట పొరపాటు. దానికి వెలుగు కావలెను, వేడి గాదు. 25 డిగ్రీలు దాటిన తరువాత ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతము శక్తి తగ్గును. పలక ఎండలోను, ట్యాబ్ నీడలోను ఉండవలెను.

ఇప్పుడు నిల్వచోటు. మెమరీ కార్డులో కదలు భాగములు లేవు. 1980 దశకమున తోషిబా సంస్థలో ఫూజియో మసుఓకా రూపొందించిన విధానమిది. ప్రతి కణములోను విద్యుద్బంధకము చుట్టుకొనియున్న చిన్న గదియొకటి ఉండును. వోల్టేజి హెచ్చించి అందులోనికి ఎలక్ట్రానులను నెట్టినచో, కరెంటు లేకున్నను అవి సంవత్సరముల పాటు అక్కడనే ఉండును. అవి ఉన్నవా లేవా అనుటయే సమాచారము. 32 జి.బి. కార్డు ట్యాబ్‌లో 29.8గా కనబడినచో కంగారుపడ నక్కరలేదు. తయారుచేసినవారు వేయి చొప్పునను, కంప్యూటరు 1,024 చొప్పునను లెక్కించుటయే కారణము. భయపడవలసినది నకిలీ కార్డునకు. అందులో 8 జి.బి. మాత్రమే ఉండి, తాను 512 అని అబద్ధము చెప్పునట్లు లోపలి నియంత్రికను మార్చియుందురు. ఎనిమిది నిండువరకు అంతయు బాగుగానే ఉండును. ఆ తరువాత వ్రాసినది పాతదానిమీద పడును, లేదా మాయమగును. పరీక్షల ముందు దాచుకొన్న పాఠము తెరువబోగా శూన్యము. కొన్న దినముననే కార్డును పూర్తిగా నింపి, మొదటి దస్త్రము నుండి చివరిదాక తెరచి చూచుట ఉత్తమ పరీక్ష. దీనిని తామే చేసిపెట్టు ఉచిత ప్రోగ్రాములు కంప్యూటరులకు దొరకును. కార్డు మీద వృత్తములో 10 అని ఉన్నచో సెకండుకు కనీసము 10 మెగాబైట్లు వ్రాయగలదని అర్థము.

ఆ పది మెగాబైట్ల అంకెయే మూడు కొరతలను కలుపు ముడి. సెకండుకు ఒక మెగాబిట్టు చొప్పున తీసిన గంటసేపటి పాఠము 450 మెగాబైట్లు. 32 జి.బి. కార్డులో ఇట్టివి 70 గంటలు పట్టును. కార్డు చదువు వేగము కూడ అంతే అనుకొన్నను, గంట పాఠమునకు అది పనిచేయునది 45 సెకండ్లు. మిగిలిన కాలమంతయు నిద్రించును. అదే పాఠమును సిగ్నలు ద్వారా చూచినచో ఏమగును? నంద్యాల పట్టణములో సెకండుకు 20 మెగాబిట్లు అందుచోట రేడియో భాగము మొత్తము మూడు నిముషములు మేలుకొన్న చాలును. ఆళ్లగడ్డ నుండి అహోబిలము వైపు పోవుకొలది నల్లమల కొండలు టవరుకును ఫోనుకును అడ్డువచ్చును. అక్కడ ఒక్క మెగాబిట్టు మాత్రమే అందినచో రేడియో గంటసేపును మేలుకొనియే ఉండవలెను.

అంతేగాక, టవరు దూరమైన కొలది ఫోను గొంతు పెంచవలెను. సెట్టింగులలో సిగ్నలు బలము మైనస్ 85 అనియో మైనస్ 115 అనియో కనబడును. తేడా 30; చూచుటకు చిన్నదే గాని, ఈ కొలతలో ప్రతి పది పదిరెట్లకు గుర్తు. కనుక అందుచున్న శక్తిలో తేడా వేయి రెట్లు. దానికి బదులుగా ఫోను తన ప్రసారమును గరిష్ఠముగా 200 మిల్లీవాట్ల దాక పెంచును. అంత ప్రసారము చేయుటకు లోపలి వర్ధకము బ్యాటరీనుండి అనేక రెట్లు లాగుకొనును. కొండదారిలో ఏమియు చేయకయే ఫోను వేడెక్కుటకు ఇది కారణము. అట్టిచోట విమానపు గుర్తును నొక్కి రేడియోను ఆపుట మంచిది. వీపున అంటించు "సిగ్నలు స్టిక్కరు" వలన ప్రయోజనము శూన్యము. అనుమతి లేని బూస్టరులు వాడుట చట్టవిరుద్ధము. అవి ఊరివారందరి సిగ్నలును చెడగొట్టును.

అందుచేత చౌకైన మార్గము ఇది. సిగ్నలు బాగున్న చోట, చల్లని వేళలో, పాఠములను ఒక్కసారిగా కార్డులోనికి దించుకొనవలెను. ఊరిలో ఒక్క ఫోను దించిన చాలును. అక్కడినుండి వై-ఫై ద్వారా ఇంటర్నెట్టు లేకయే మిగిలిన ట్యాబ్‌లకు పంచవచ్చును. కార్డు అర లేని పరికరమునకు ఓ.టి.జి. తీగతో పెన్‌డ్రైవు తగిలించవచ్చును, పని ముగియగనే తీసివేయవలెను; తగిలియున్నంతసేపు అది ట్యాబ్ కరెంటునే త్రాగును. వై-ఫైలో 2.4, 5 గిగాహెర్ట్‌జులని రెండు పౌనఃపున్యములు గలవు. 5 వేగమైనది గాని గోడలను సులభముగా దాటలేదు. మందమైన రాతిగోడల ఇండ్లలో 2.4 నయము. పంచునప్పుడు అందరును ఒకే గదిలో కూర్చున్నచో 5 గిగాహెర్ట్‌జులతో పని త్వరగా ముగియును. ఏ గదిలో ఏది మేలో ఒక సాయంత్రము విద్యార్థులే గది గదికి తిరిగి, సిగ్నలు బలమును వ్రాసుకొని తేల్చుకొనవచ్చును.