ఆల్-కాన్ఫరెన్స్ పట్టిక: చిన్న కళాశాలల బాస్కెట్‌బాల్‌లో ఒక పెద్ద తగవు

బాస్కెట్‌బాల్ ఆట పుట్టిన ఊరు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్. 1891 డిసెంబరులో అక్కడి వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాల ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్, చలికాలంలో బయట ఆడుకొనే వీలులేని విద్యార్థుల కొరకు రెండు పీచ్ పండ్ల బుట్టలను ఎత్తున కట్టించి, పదమూడు నియమాలు వ్రాసి ఈ ఆటను కల్పించినాడు. తొమ్మిదేసి మంది చొప్పున రెండు పక్షాలవారు ఆడిన ఆ మొదటి ఆటలో బుట్టలో పడిన బంతి ఒక్కటే. అందుచేత ఉత్తముడైన ఆటగాడెవడన్న తగవు ఆనాడు రాలేదు. తరువాత వచ్చినది, ఇప్పటికీ తీరలేదు.

ఈ ఆటకు మనకు దూరపు చుట్టరికం ఒకటి ఉన్నది. స్ప్రింగ్‌ఫీల్డులో చదువుకొన్న హారీ క్రో బక్ అనే ఆయనే 1920లో మదరాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించినాడు. తెలుగు జిల్లాలు అప్పట్లో మదరాసు రాజధానిలోనివే గదా! స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాల నేటికీ ఆడుతూనే ఉన్నది, కాని పెద్ద జట్ల నడుమ కాదు. చిన్న కళాశాలల శ్రేణిలో. నేను చెప్పబోయే తగవు ఆ శ్రేణికి సంబంధించినది.

అమెరికా కళాశాలల ఆటలను నడిపే ప్రధాన సంస్థ ఎన్.సి.ఎ.ఎ. అది 1973లో తన సభ్య కళాశాలలను మూడు శ్రేణులుగా విభజించినది. మొదటి శ్రేణి జట్ల ఆటలు టెలివిజనులో కనిపిస్తాయి. వారి శిక్షకుల జీతాలు పత్రికలకెక్కుతాయి. మూడవ శ్రేణిలో ఒక గట్టి నియమం ఉన్నది: బాగా ఆడుతాడన్న కారణంగా ఏ విద్యార్థికీ వేతనం ఇవ్వరాదు. చదువును బట్టి, కుటుంబపు పేదరికాన్ని బట్టి సహాయం చేయవచ్చును. బంతిని చూచి మాత్రం పైసా ఇవ్వరాదు. అయినా సభ్యుల సంఖ్యలో ఈ మూడవ శ్రేణియే అన్నింటికంటె పెద్దది. నాలుగువందల పైచిలుకు కళాశాలలు ఇందులో ఉన్నవి. ఈ శ్రేణికి పురుషుల జాతీయ పోటీ 1975లో మొదలైనది; తొలి విజేత మెంఫిస్ నగరంలోని లెమాయ్న్-ఓవెన్ కళాశాల.

జాతీయ పోటీదాకా పోయే జట్లు కొద్ది. తక్కిన వారి లోకమంతా కాన్ఫరెన్స్. ఇక్కడ కాన్ఫరెన్స్ అంటే సభ కాదు. ఏటేటా తమలో తాము పోటీపడే నిమిత్తం కొన్ని కళాశాలలు ఏర్పరచుకొన్న కూటమి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని కొన్ని కళాశాలలు 1946లో ఇట్టి కూటమి కట్టుకొన్నవి. ఈశాన్య రాష్ట్రాలలోని విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ మొదలైన పదకొండు కళాశాలలకు 1971 నుండి మరొకటి ఉన్నది. చాలా కూటములలో జట్లు బస్సులలో పోయి ఆడి, రాత్రికి రాత్రి తిరిగి వస్తాయి. యూనివర్సిటీ అథ్లెటిక్ అసోసియేషన్ అనే కూటమి మాత్రం వింతైనది. న్యూయార్కు, షికాగో, అట్లాంటా, సెయింట్ లూయీ వంటి దూరదూరపు నగరాలలోని విశ్వవిద్యాలయాలు అందులో చేరినవి. ఆటగాళ్లు పాఠ్యపుస్తకాలు పట్టుకొని విమానమెక్కవలసినదే!

నవంబరులో ఆటలు మొదలై ఫిబ్రవరి చివరకు కాన్ఫరెన్స్ పోటీలు ముగింపునకు వస్తాయి. అప్పుడు వెలువడేదే ఆల్-కాన్ఫరెన్స్ పట్టిక. కూటమి మొత్తంలో ఆ యేడు మేలుగా ఆడినవారిని ఏరి, ప్రథమ జట్టు అని, ద్వితీయ జట్టు అని పేర్లు ప్రకటిస్తారు. ఆ తరువాత గౌరవ ప్రస్తావన అని మరికొందరి పేర్లు చేరుస్తారు. ఉత్తమ ఆటగాడు, ఉత్తమ నూతన ఆటగాడు, ఉత్తమ రక్షకుడు అనే బిరుదులు వేరు. ప్రథమ జట్టు నిజంగా ఆటస్థలంలో దిగి ఆడే జట్టు కాదు. కాగితం మీది జట్టు. దానిలో ఐదుగురే ఉండాలన్న నిర్బంధం కూడ అన్నిచోట్లా లేదు. సాధారణంగా ఓట్లు వేసేవారు ఆయా జట్ల శిక్షకులు. తన జట్టువానికి తాను ఓటు వేయరాదన్నది పెక్కుచోట్ల నియమం. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సంగతి వారికీ తెలుసును కాబోలు!

పట్టిక వెలువడిన మరుక్షణం అభిమానుల వాదం మొదలవుతుంది. ఈ అభిమానులెవరు? కొద్ది వందల మంది పట్టే వ్యాయామశాలలో ప్రతి ఆటకూ వచ్చి కూర్చొనే తల్లిదండ్రులు, పూర్వవిద్యార్థులు, ఊరి దుకాణదారులు, ఆ కుర్రవానికే గణితం చెప్పే ఆచార్యులు. రాలేనివారు కళాశాల రేడియోలో విద్యార్థులే చేసే వ్యాఖ్యానం వింటారు. ఎదుటి జట్టు అభిమానులతోనూ వీరికి పరిచయమే. ఏళ్ల తరబడి ఒకే మెట్లమీద కూర్చొని పోట్లాడుకొన్నవారు గనుక వారి వాదంలో చనువూ ఉంటుంది, పదునూ ఉంటుంది.

మొదటి చిక్కు పాయింట్లది. పాయింట్లు ఎక్కువ చేసినవాడే గొప్ప ఆటగాడా? అట్లయితే ఐయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కళాశాల సంగతి చూడవలెను. అక్కడి శిక్షకుడు డేవిడ్ ఆర్సెనో ఒక విచిత్ర పద్ధతి అలవరచినాడు. నిమిషానికి ఒక మారు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ముందే, ఐదుగురినీ ఒక్కసారిగా దించి మరి ఐదుగురిని ఎక్కిస్తారు. ఎదుటివారిని ఊపిరి తిరుగనివ్వక తరుముతారు. బంతి చేతికందిన కొద్ది క్షణాలలో దూరం నుండి బుట్టకు విసురుతారు. ఆ దూరపు బుట్టకు మూడు పాయింట్లు. 2012 నవంబరు 20న ఈ పద్ధతిలో ఆడుతూ జాక్ టేలర్ అనే విద్యార్థి ఒక్క ఆటలో 138 పాయింట్లు చేసి దేశాన్ని నివ్వెరపరచినాడు. ఆ ఆటలో గ్రిన్నెల్ 179, ప్రత్యర్థులైన ఫెయిత్ బాప్టిస్ట్ బైబిల్ కళాశాల 104.

ఈ 138ని ఎట్లా చదువవలెను? టేలర్ బుట్టకు బంతిని విసిరినది 108 మార్లు, పడినవి 52. అందులో మూడు పాయింట్ల విసరులు 71, పడినవి 27. ఈ లెక్క చూపి ఒక పక్షమువారు, అన్నిమార్లు విసిరితే ఎవరికైనా పడును, అంటారు. రెండవ పక్షమువారు, 36 నిమిషాలలో అన్నిమార్లు విసిరే వీలు చేసుకొనుటయే ఒక విద్య కాదా, అంటారు. నా మట్టుకు ఈ రెండింటిలోనూ సగమే నిజమనిపిస్తుంది. ఆ అంకె టేలర్ శక్తిని చెప్పుతున్నది. దానికంటె ఎక్కువగా ఆ జట్టు ఆడిన వేగాన్ని చెప్పుతున్నది. అది కాన్ఫరెన్స్ ఆట కూడ కాదు. కాని వేగపు లెక్కకు మరొక ముఖం ఉన్నది. మామూలు రోజులలో గ్రిన్నెల్ ఆటగాడు మాటిమాటికీ బల్లమీదికి పోవలసినవాడు గనుక ఆడే నిమిషాలు తక్కువ. తక్కిన కళాశాలల ముఖ్యులు ముప్పది, ముప్పదియైదు నిమిషాలు ఆడగా, ఇతడు దానిలో సగమే ఆడి ఉండవచ్చును. ఆటకు ఇన్ని పాయింట్లు అని చూచేవారు ఇతనికి ఒకప్పుడు ఎక్కువ ఇస్తారు, ఒకప్పుడు తక్కువ ఇస్తారు. అందుకే తెలిసిన అభిమానులు ఆటకు ఎన్ని అని కాక, జట్టుకు బంతి చిక్కిన వంద మార్లకు ఎన్ని అని లెక్క కట్టుకొంటున్నారు.

అంకెలు వేసే గౌరవం ఎంత చపలమైనదో తెలిపే ఉదంతం పాతకాలంలోనే ఒకటి జరిగినది. ఒహాయో రాష్ట్రంలో రియో గ్రాండ్ అనే కళాశాల ఉన్నది. 1953లో అక్కడి విద్యార్థులు నూరుమందికి లోపే. ఆ యేడు బీవో ఫ్రాన్సిస్ అనే పొడగరి ఒక్క ఆటలో 116 పాయింట్లు చేసినాడు. ప్రత్యర్థి నాలుగేండ్ల చదువుగల కళాశాల కాదని పెద్దలు ఆ రికార్డును లెక్కకు రానివ్వలేదు. కుర్రవాడు ఊరుకొన్నాడా? 1954 ఫిబ్రవరిలో హిల్స్‌డేల్ కళాశాలపై 113 చేసి చూపినాడు. అది రికార్డు పుస్తకానికెక్కి, టేలరు వచ్చేదాకా అర్ధశతాబ్దికి పైగా నిలిచినది.

పాయింట్లు సరే, లెక్కకెక్కని పని మాటేమిటి? ఇది రెండవ చిక్కు, నా ఉద్దేశంలో అన్నింటికంటె బరువైనది. తోటివాడు తెరపిగా బంతి విసరడానికి, ప్రత్యర్థికి అడ్డముగా గోడవలె నిలిచి దెబ్బలు తినేవాడొకడు ఉంటాడు. ఎదుటి జట్టు మేటిని ఆటంతా నీడవలె వెన్నంటి, అతనికి బంతియే అందకుండ చేసేవాడు మరొకడు. వీరి పనికి స్కోరు పట్టికలో గడి లేదు. రాని పాయింట్లను ఎవరు వ్రాస్తారు? అందరూ అందలమెక్కితే మోసేవారెవరు అని మన పెద్దలు అన్నారు గాని, మోసినవానికి పట్టికలో చోటెక్కడ అన్నదే ఇక్కడి తగవు. గడి ఉన్న పనులలో కూడ కొన్ని మనిషి కంటిమీద ఆధారపడినవే. తోటివాడు బుట్ట వేయడానికి అనువుగా బంతినందించుటను అసిస్ట్ అంటారు. ఏ అందింపు అసిస్ట్, ఏది కాదు అని తేల్చేవాడు ఆతిథ్యమిచ్చే కళాశాల లెక్కరి. ఒక ఊరి లెక్కరి ఉదారుడు, మరొక ఊరివాడు లోభి. ఈ చిన్న తేడా ఏడాది పొడుగునా పోగై, ఒకని పేరు పైకి లేపును, మరొకని పేరు కిందికి దించును. ఉత్తమ రక్షకుడన్న బిరుదు ఈ లోటును కొంత తీర్చినది. అయితే అది ఒక్కనికే గదా!

ఇక ఓడిపోయే జట్టులోని మంచివాడు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థ శాస్త్రవిజ్ఞానంలో లోకప్రసిద్ధము. నోబెల్ బహుమానాలు పొందినవారు అక్కడ తిరుగాడుతుంటారు. దాని బాస్కెట్‌బాల్ జట్టు మాత్రం 1985 నుండి 2011 వరకు కాన్ఫరెన్స్ ఆటలలో వరుసగా 310 మార్లు ఓడినది. 2011 ఫిబ్రవరి 22న ఆక్సిడెంటల్ కళాశాలను 46-45తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచి ఆ శాపం తీర్చుకొన్నది. ఆ ఇరువదియారేండ్లలో అక్కడ ఆడినవారంతా చేతగానివారని ఎవరనగలరు? గెలుపునకే విలువ కట్టేవారు, ఓడే జట్టులో పాయింట్లు చేయుట సులభము, పోటీపడి బంతి లాగుకొనే సాటివాడు ఉండడు, అంటారు. ఎదుటి వాదమూ బలమైనదే: సాటివాడు లేనప్పుడు ఎదుటి ఐదుగురి కళ్లూ ఆ ఒక్కనిమీదనే ఉంటాయి, వాడు వేసిన ప్రతి బుట్టా ఇద్దరు ముగ్గురి నడుమ నుండి వేసినదే. ఈ రెండవ మాటవైపే నేను మొగ్గుతాను. ఏ జట్టులో పుట్టినాడన్నదానికి కాక ఎట్లా ఆడినాడన్నదానికే వ్యక్తిగౌరవం. జట్టు గౌరవానికి కప్పు వేరే ఉన్నది.

శిక్షకులు తప్పు చేస్తారని అభిమానుల నిత్యారోపణ. ఇందులో న్యాయం కొంత ఉన్నది, అన్యాయమూ ఉన్నది. శిక్షకుడు ఎదుటి ఆటగాణ్ణి ఎదురుగా చూచేది పెక్కు కూటములలో ఏడాదికి రెండు మార్లు. పైన చెప్పిన ఈశాన్య కూటమిలో జట్లు ఒకదానితో ఒకటి తలపడేది ఒక్కమారే. ఆనాడు ఆ కుర్రవానికి జ్వరమైతే అంతే సంగతులు! అయితే శిక్షకుడు ఆ ఒక్క ఆటకు ముందు రాత్రుళ్లు కూర్చొని అతని పాత ఆటల చలనచిత్రాలను తిరగవేసి చూచి, అతణ్ణి ఆపే ఉపాయం పన్నినవాడు. ఎవణ్ణి ఆపడానికి తన నిద్ర చెడినదో అతనికి తెలిసినట్లు మనకు తెలియదు. అభిమాని చూచేదో? తన జట్టును ఇరువదియైదు మార్లు, తక్కినవారిని ఒకటి రెండు మార్లు. ఇరువురి చూపులోనూ కొరత ఉన్నది. అది ఒకే కొరత కాదు. చివరి యేడు చదివేవానికి పోయే ముందు ఒక గౌరవం దక్కనిమ్మని ఓటు వేసే దయాళువులు కొందరు ఉంటారని అభిమానుల గట్టి అనుమానం. దయ మంచిదే గాని, ఆ దయ ఒక మొదటి యేటి కుర్రవాని చోటును ఇచ్చివేస్తున్నదని మరువరాదు.

ఇంత పట్టుదల దేనికి అని మీరు అడుగవచ్చును. ఈ ఆటగాళ్లలో జీతానికి ఆడే దశ చేరేవారు బహు స్వల్పం. మినియాపొలిస్‌లోని ఆగ్స్‌బర్గ్ కళాశాల నుండి డెవీన్ జార్జి 1999లో నేరుగా లేకర్స్ జట్టులోకి ఎన్నికైనాడు. మూడవ శ్రేణివాడు మొదటి విడతలోనే ఎన్నిక కావడం అదే ప్రథమం. డంకన్ రాబిన్సన్ మొదటి యేడు విలియమ్స్ కళాశాలకు ఆడి, 2014 జాతీయ తుదిపోటీలో రెండు పాయింట్లతో ఓడి, మిషిగన్ విశ్వవిద్యాలయానికి మారి, ఆపైన మయామీ జట్టుకు చేరినాడు. ఇట్టి పేర్లు వేళ్లమీద లెక్కింపవచ్చును. 2021 జూలై నుండి కళాశాల ఆటగాళ్లు తమ పేరును వ్యాపార ప్రకటనలకిచ్చి సొమ్ము తీసుకొనవచ్చునని నియమం సడలినది. కాని చిన్న ఊరి కుర్రవాని పేరుకు పెద్ద బేరమెక్కడిది? తక్కినవారు వైద్యులౌతారు, బడిపంతుళ్లౌతారు, తండ్రి దుకాణంలో కూర్చొంటారు. నాలుగేండ్లు తెల్లవారుజామున లేచి చేసిన సాధనకు మిగిలేది కళాశాల రికార్డు పుస్తకంలో ఒక పంక్తి: పేరు, సంవత్సరం, ప్రథమ జట్టు.

ఆ పంక్తికి అవకాశమే లేకపోయిన యేడు కూడ ఒకటి ఉన్నది. 2020 మార్చిలో కోవిడు వ్యాపించగా మూడవ శ్రేణి జాతీయ పోటీ పదహారు జట్లు మిగిలి ఉండగానే ఆగిపోయినది. 2020-21లో జాతీయ పోటీని రద్దు చేసినారు. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ ఉన్న ఈశాన్య కూటమితో సహా కొన్ని కూటములు కాన్ఫరెన్స్ ఆటలనే నడుపలేదు. అట్టిచోట్ల ఆ యేటికి పట్టిక లేదు. నష్టపోయిన ఏటికి బదులుగా ఆటగాళ్లకు మరొక సంవత్సరం ఆడుకొనే అనుమతి లభించినది. ఆ అనుమతి వాడుకొనవలెనంటే మరొక యేడు చదువవలెను, మరొక యేటి జీతం కట్టవలెను. ఆటకు వేతనమిచ్చే ఆచారం ఇక్కడ లేదు గదా. కొందరు నిలిచి ఆడినారు. కొందరు పట్టా తీసుకొని ఉద్యోగాలకు వెళ్లిపోయినారు.