ఎత్తైన పీఠభూములలో పర్మాఫ్రాస్ట్: టిబెట్ ఉదాహరణ

1. ప్రవేశిక

వరుసగా కనీసం రెండేళ్ల పాటు 0 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉన్న నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. ఈ నిర్వచనానికి ఆధారం ఉష్ణోగ్రతే గాని మంచు కాదు. తేమలేని శిల సైతం పర్మాఫ్రాస్ట్ కావచ్చు. అయితే అది వేడెక్కినప్పుడు నేల నిలుస్తుందా, కుంగుతుందా అన్నది అందులోని మంచును బట్టి ఉంటుంది. ఈ భేదాన్ని టిబెట్ పీఠభూమి ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ఏర్పడే విధానం

టిబెట్ పీఠభూమి ధ్రువాలకు దూరంగా ఉన్నా, దాని సగటు ఎత్తు 4,000 మీటర్లకు పైబడినది. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు గాలి ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. వేసవిలో పొందే వేడి కంటే శీతాకాలంలో కోల్పోయే వేడి ఎక్కువైన చోట నేల ఏటేటా మరింత లోతుకు గడ్డకడుతుంది. భూగర్భం నుంచి వచ్చే వేడి ఈ లోతుకు హద్దు విధిస్తుంది. ఉపరితలం మాత్రం వేసవిలో కరిగి, చలికాలంలో తిరిగి గడ్డకడుతుంది. దీనిని క్రియాశీల పొర అంటారు. మెత్తని ఒండ్రు నేలలలో గడ్డకడుతున్న భాగం వైపు నీరు చేరి, మంచు పొరలుగా పేరుకొంటుంది.

3. కనిపించని మార్పు

1 కిలోగ్రాము మంచు కరగడానికి సుమారు 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అంతే నీటిని 1 డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు చాలు. అందువల్ల ఉష్ణోగ్రత సున్నాకు చేరువైనప్పుడు, నేలకు చేరే వేడిలో అధికభాగం మంచును కరిగించడానికే ఖర్చవుతుంది; ఉష్ణమాపకంలో మార్పు దాదాపు కనిపించదు. టిబెట్ పర్మాఫ్రాస్ట్‌లో అధికభాగం సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే ఉంది. కనుక అక్కడ స్థిరమైన ఉష్ణోగ్రతను స్థిరమైన నేలకు నిదర్శనంగా భావించరాదు.

4. ఇంజనీర్ల అనుభవం

2006లో ప్రారంభమైన గోల్ముద్–లాసా రైలుమార్గం సుమారు 550 కిలోమీటర్ల మేర పర్మాఫ్రాస్ట్ మీదుగా సాగుతుంది. అక్కడ పలుచోట్ల రాతిముక్కలతో కట్టలు నిర్మించారు. శీతాకాలంలో బరువైన చల్లగాలి రాళ్ల సందులలోకి దిగి వెచ్చని గాలిని పైకి నెడుతుంది. వేసవిలో వెచ్చని గాలి పైనే నిలిచిపోతుంది. మంచు అధికంగా ఉన్న కొన్నిచోట్ల నేలకు ఎగువన వంతెనలు కట్టారు. వీటి లక్ష్యం కట్టను దృఢపరచడం మాత్రమే కాదు, కిందనున్న నేలను చల్లగా ఉంచడం.

5. ముగింపు

పర్మాఫ్రాస్ట్‌ను నిర్వచించేది ఉష్ణోగ్రత. దాని భవితను నిర్ణయించేది మంచు. కాబట్టి ఉష్ణోగ్రతతో పాటు క్రియాశీల పొర మందాన్ని, నేలలోని మంచు పరిమాణాన్ని, ఉపరితలం కుంగుదలను కలిపి పరిశీలించినప్పుడే ఈ నేలల మార్పును సరిగా అంచనా వేయగలం.