మీకు తెలుసా? టార్చి దూరానికి కొలబద్ద పున్నమి వెన్నెల

జేబులో పట్టే టార్చిలైటు డబ్బా మీద ‘200 మీటర్లు’ అని ఉంటే, అంత దూరాన నిలబడ్డ మనిషిని పోల్చుకోవచ్చని కాదు. అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్ఎల్ 1 ప్రమాణం ప్రకారం, వెలుగు 0.25 లక్స్‌కు తగ్గిన చోటే దాని హద్దు. మబ్బు లేని పున్నమి నాడు నేల మీద పడే వెన్నెల రమారమి అంతే. ఆ వెన్నెల్లో పొలం గట్టు కనిపిస్తుంది, గట్టు మీద పడుకున్న పాము కనిపించకపోవచ్చు. డబ్బా చెప్పిన దూరంలో సగమే నమ్మండి. సగం దూరంలో వెలుగు నాలుగింతలు ఉంటుంది.

ఆ దూరం కూడా చీకట్లో నడిచి కొలిచింది కాదు. కాంతి తీవ్రతను క్యాండెలాల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని రెట్టింపు చేస్తారు. 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు. 400 మీటర్లు కావాలంటే 20,000 చాలవు, 40,000 ఉండాలి. పెద్దక్షరాల్లో అచ్చేసే ల్యూమెన్లు మాత్రం దూరం సంగతి చెప్పవు. అవి లైటులోంచి బయటికొచ్చే మొత్తం వెలుగు లెక్క.

అసలు తిరకాసు ‘ఎన్ని గంటలు’ అన్న దగ్గర ఉంది. లైటు వేసిన 30 సెకన్లకు ఉన్న వెలుగు, అందులో పదోవంతుకు పడిపోయేదాకా పట్టే సమయమే ఆ అంకె. ‘1000 ల్యూమెన్లు, 3 గంటలు’ అంటే మూడు గంటలూ వెయ్యి ల్యూమెన్లు అని కాదు; చివరికి మిగిలేది వంద. వేలెడంత లైటు అంత వెలుగుతో పుట్టే వేడిని తట్టుకోలేదు గనక, చాలావాటిలో కొద్ది నిమిషాలకే లోపలి సర్క్యూటు వెలుగు తగ్గించేస్తుంది. రోజూ జేబులో ఉండే లైటుకు గరిష్ఠం కన్నా, 100-200 ల్యూమెన్ల దగ్గర ఎంతసేపు నిలుస్తుందో చూడటం నయం. పక్కన పిల్లలు నిద్రపోతుంటే ఒకటి రెండు ల్యూమెన్లే ఎక్కువ!

డబ్బా మీద కనిపించే మరో గుర్తు ఐపీఎక్స్4 అంటే నీటి తుంపరలను తట్టుకుంటుందని. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పడినా పర్వాలేదని. మధ్యలో ఎక్స్ ఉందంటే, దుమ్ము సంగతి ఆ గుర్తు చెప్పడం లేదన్నమాట.

ఇక బ్యాటరీ. 18650 అనే అంకెలోనే కొలతలున్నాయి: 18 మిల్లీమీటర్ల అడ్డం, 65 పొడవు. 14500 లిథియం సెల్ అచ్చం పెన్సిల్ సెల్ సైజే గానీ, పెన్సిల్ సెల్‌ది 1.5 ఓల్టులైతే దీనిది దాదాపు 3.7. రెండూ వాడొచ్చని కంపెనీ రాసిన లైటైతే నా ఓటు దానికే, పెన్సిల్ సెల్ ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది కదా. అలా రాయని లైటులో 14500 వేస్తే లైటు మాడిపోవచ్చు.